మా తమ్ముడి దగ్గర మా ఆయన చదువు

హైదరాబాద్ కంపెనీలు పిలిచి పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. అలాంటి రోజుల్లోనే మా ఆయన ఉద్యోగానికి ఎసరొచ్చింది. ఏళ్ళ తరబడి బ్యాంకుల సర్వర్లకు కోడ్ రాసిన మనిషి. ఆ పని అయిపోయింది, ఇకమీదట జనం కంటికి కనబడే పేజీలు చేయాలి, సోమవారం ఒకటి చేసి చూపించు, లేకపోతే నీ దారి చూసుకో అన్నారట. శనివారం బీదర్‌కు ఇంటికొచ్చి ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ పని తెలిసినవాడు మా చుట్టాల్లో మా తమ్ముడొక్కడే. బీదర్ దగ్గరి మన్నాఏఖేళ్ళి ఊళ్ళో దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెడతాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చాడు. మావాళ్ళలో బావమరిది బావను ఎంతైనా వెక్కిరించవచ్చు గానీ పాఠం మాత్రం చెప్పకూడదు.

మా ఆయన అప్పటికే చేసిపెట్టిన దరఖాస్తు పేజీని ముందు నన్ను నింపమన్నారు. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పింది. బటన్ నొక్కగానే తెర తెల్లబడి, నేను రాసిందంతా పోయింది.

"అయ్యో, మళ్ళ మొదటి సంది రాయాల్నా?" అన్నాను.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. "కూరల ఉప్పు తక్కువైతే హైదరాబాద్‌కు ఫోన్ చేసి అడుగుతవా బావా? నంబరు తప్పని బ్రౌజరే చెప్తది, సర్వర్ దాక ఎందుకు?"

"నోర్ముయ్‌రా. బ్రౌజర్‌ను నమ్మితే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. నీ లెక్క కిరాణా దుకాణాలు కావు, బ్యాంకులు నడిపినోన్ని."

"నడిపినవ్ తియ్యి. గా బ్యాంకు బస్సెక్కి పోయింది, నువ్వు గీడ కూసున్నవ్."

ఇంతవరకు బాగానే ఉంది. తిట్టుకుంటూనే పని సాగించారు. మా ఆయన మళ్ళీ మళ్ళీ అక్కడే తడబడుతుంటే తమ్ముడికి జాలేసింది. నవ్వు ఆపి, కుర్చీ దగ్గరకు జరుపుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు: "సూడు బావా, మొదలు పేజీల సూడాలె, ఎనక సర్వర్ల గూడ సూడాలె. నీది తప్పు గాదు, సగం పని. అంతే."

అప్పుడు లేచింది మా ఆయనకు కోపం.

"నాకు పంతులువా నువ్వు? లే, బయటికి నడువ్!"

అడ్డం పోతే నన్నూ కసిరాడు. తమ్ముడు అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఆయన మళ్ళీ నా చేతే పేజీ నింపించాడు. అంకె తప్పితే పక్కనే ఎర్రగా చెప్పింది, రాసిందేదీ పోలేదు. తమ్ముడు చెప్పినట్టే చేశాడు. సోమవారం చూపించాడు, పని దక్కింది.

మరుసటి ఆదివారం తమ్ముడు గుమ్మంలో నిలబడి, "ఏం బావా, పాసైనవట?" అన్నాడు.

మా ఆయన లేచి కుర్చీ చూపించాడు. "రండి. కూసోండి."

బావ నోట 'ఒరేయ్' తప్ప మరో పిలుపు వినని తమ్ముడు, ఆ మర్యాదతో పరాయివాడైపోయినట్టు, చెప్పులైనా విడవకుండా వెనుదిరిగాడు.