బాబాయి బాక్సుల్లో మోగిన సీడీ

బాపట్లలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నప్పుడు ఒక ఆల్బమ్ నా చేతికి చిక్కింది. ఊరికే చిక్కలేదు. తెనాలిలో మా ఇంటి వీధి చివరి నెట్ సెంటర్లో వరసగా నాలుగు ఆదివారాలు కూర్చుని, ఒక్కో పాటా దించుకుని సీడీ చేయించుకున్నాను. ఎక్కడో చలిదేశంలో ఇద్దరు మనుషులు తమ ఇంట్లోనే చేసిన పాటలవి. బ్లాక్ మెటల్ అని ఒక సంగీతం ఉంది. గొంతు చీరుకుపోయేలా అరుస్తారు, గిటార్లు తేనెపట్టు కదిపినట్టు రొద పెడతాయి. దానికి వీళ్లు కంప్యూటర్లో పుట్టించిన దరువులు కలిపారు. ఆ పాటలున్న పేజీలో ఒక్కరు కూడా ఒక్క మాట రాయలేదు.

హాస్టల్లో పెడితే నా రూమ్మేటు చెవులు మూసుకుంది.

"ఏంటే ఇది? మిక్సీలో గరిట పడిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో వాళ్లకు చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ వేసవి సెలవుల్లో రేపల్లెలో పిన్ని వాళ్లింటికి వెళ్లాను. బాబాయి పెళ్లిళ్లకీ సభలకీ మైకుసెట్లు అద్దెకిస్తాడు. ఒక మధ్యాహ్నం కొత్త బాక్సులు బిగించి, పరీక్ష చేద్దామని నన్ను పిలిచాడు.

"నీ దగ్గర ఏదైనా సీడీ ఉందా అమ్మాయ్? బాగా మోత ఉన్నది కావాలి."

"ఉంది బాబాయ్. కానీ పాటలా ఉండదు."

"పాటెందుకు? బాక్సులు పనిచేస్తే చాలు."

పెట్టాను. షెడ్డు రేకులు అదిరాయి. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఆ ఏడుపు! ఆపండి, పక్కింటివాళ్లు కొట్టడానికొస్తారు!"

బాబాయి చెయ్యెత్తి ఆగమన్నాడు. మూడో పాట నడుస్తోంది. పైన అరుపులు, గిటార్ల హోరు. అడుగున ఒకే వేగంతో, తొణక్కుండా, ధన్ ధన్ మని ఒక దెబ్బ. ఆయన గొంతుక్కూర్చుని బాక్సుకు అరచెయ్యి ఆనించాడు. అయిపోయాక మళ్లీ అదే పెట్టమన్నాడు. రెండోసారి విని అన్నాడు:

"ఇది తుఫానమ్మా."

తర్వాత చెప్పాడు. ఆయనకి పదహారేళ్లప్పుడు సముద్రం ఒడ్డున వాళ్ల ఊరి మీద తుఫాను పడింది. తండ్రీ కొడుకులు ఊరి చివర రైసుమిల్లు మేడ ఎక్కారు. చుట్టూ ఉప్పెన నీళ్లు. వానకి ఎదుటి మనిషి కనిపించడం లేదు. నీళ్లలో ఎవరివో కేకలు.

"మా నాన్న ఇనప పీపా ఒకటి దొరికితే, రాడ్డుతో దాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. మేడ ఎటుందో జనానికి తెలియాలిగా. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఆ చప్పుడు పట్టుకుని ఏడుగురు వచ్చి చేరారు. గాలి ఇలాగే అరిచింది. దెబ్బ ఇలాగే వినపడింది."

పిన్ని గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"ఇన్నేళ్ల కాపురంలో నాకీ మాట చెప్పలేదే!" అంది, చాలా నెమ్మదిగా.

ఆ ఇద్దరు సంగీతకారులకీ వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా మెయిల్ రాశాను. జవాబు ఆశించలేదు. రెండు వారాలకు వచ్చింది. ఈ పాటల గురించి తమకు అందిన మొదటి ఉత్తరం నాదేనట. చివర్లో ఒక ప్రశ్న: ఆ పెద్దాయన ఎంత వేగంగా కొట్టారో కనుక్కుని చెప్పగలరా?

బాపట్ల నుంచి బాబాయికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఉండమ్మా," అని ఫోను పక్కన పెట్టి, వాళ్ల నాన్న కొట్టినట్టే బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. నేను గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషం అయిపోయింది. ఆయన ఆపలేదు.