పుట్టకొక్కులు తెచ్చే అమ్మ

మొన్న ముసురు పట్టిన ఆదివారం, ఖానాపురం హవేలిలో మా వీధి చివర కొత్తగా తెరిచిన కూరగాయల కొట్టుకు వెళ్లాను. అద్దాల ఫ్రిజ్‌లో పల్చటి ప్లాస్టిక్ చుట్టిన డబ్బాల్లో పుట్టగొడుగులు చొక్కా గుండీల్లాగా ఒకే సైజులో, తెల్లగా పేర్చి ఉన్నాయి. ఒక డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మట్టి వాసన లేదు, వాన వాసన లేదు, అసలు ఏ వాసనా లేదు. అయినా ఆ క్షణంలో నా వెనక ఎవరో తడి కాళ్లతో వచ్చి నిలబడినట్టనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. కొట్టు యజమాని మాత్రం, ఈ పెద్దావిడకు ఏమైందన్నట్టు చూస్తున్నాడు. అతనికి చెప్పినా అర్థం కాదు. నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నన్ను వైరా నుంచి టేకులపల్లికి రెండో సంబంధంగా ఇచ్చారు. ఆయన కరెంటు లైన్‌మన్. మొదటి భార్య అంతకు ముందు వానాకాలంలో మలేరియా మెదడుకెక్కి, దవాఖానాకు తీసుకుపోయే దారిలోనే పోయిందట. ఆరేళ్ల ఆడపిల్ల ఉంది. రెండు వైపులా చర్చికి వెళ్లే కుటుంబాలే కాబట్టి తిండి దగ్గర తేడాల్లేవు. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండుకోవడం మా పుట్టింట్లోనూ ఉన్నదే.

అంతకుమించి పోయినావిడ గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పింది ఆ ఇల్లే. వంటింట్లో ఉప్పు జాడీ పెట్టే గూడు నా చేతికి అందేది కాదు. మునివేళ్ల మీద నిలబడి, అప్పటికీ అందక, పీట వేసుకుని ఎక్కేదాన్ని. పెరట్లో బట్టలారేసే తీగ కూడా అంతే. గోడకు మేకు కొట్టి వేలాడదీసిన అద్దంలో నాకు నా పాపిడి, నుదురు మాత్రమే కనిపించేవి, మొహం చూసుకోవాలంటే వెనక్కి జరగాలి. ఆయన పెద్ద పొడగరి ఏమీ కాదు. అలా పోయినావిడ ఎత్తు మనిషని నాకు తెలిసింది. ఆ మేకును కాస్త కిందికి కొట్టమని అడగడానికి మాత్రం ఎందుకో నోరు వచ్చేది కాదు. పొద్దున్నే జడ వేసుకుంటూ అద్దంలో నా తల మీది ఖాళీని చూస్తుంటే, అక్కడ ఇంకొక మొహం ఉండాలి కదా అనిపించేది.

పిల్ల నాతో పోట్లాడేది కాదు, దగ్గరికి వచ్చేదీ కాదు. నన్ను ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేసింది. కావలసింది ఉంటే ఎదురుగా వచ్చి నిలబడేది, నేనే అర్థం చేసుకోవాలి.

పెళ్లైన ఏడు తొలకరి గట్టిగా పడింది. ఒక ఆదివారం ఆయన పొద్దున్నే కసాయి అంగడి నుంచి మాంసం తెచ్చి ఇచ్చి, గాలివానకు లైను తెగిందని కబురొస్తే సైకిలెక్కి వెళ్లిపోయారు. నేను మాంసం కడుగుతున్నాను. వాకిట్లో ఎవరో నిలబడ్డట్టయి చూస్తే, ఒక ముసలావిడ, నెత్తి మీద టేకాకులు కప్పిన గంప, మోకాళ్ల దాకా బురద. ఎత్తు మనిషి. గుమ్మంలోకి రావాలంటే తల వంచాల్సినంత ఎత్తు. ఎవరో నాకు ఆ తల వంచడంలోనే తెలిసిపోయింది. పిల్ల "అమ్మమ్మా!" అంటూ ఉరికి వెళ్లి ఆవిడ నడుం పట్టుకుంది.

ఆవిడది భద్రాచలం వైపు అడవి లోపలి ఊరు. బస్సు దిగి చాలాసేపు నడవాలి. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి నోరు రాలేదు. ఆవిడ నా మెడ వైపు చూసింది, నా చేతిలోని మాంసం గిన్నె వైపు చూసింది, గంప దించి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను మంచినీళ్లిచ్చాను. తాగింది. చెంబు కింద పెట్టి, ఒక పేరు పెట్టి పిలిచి, "కత్తిపీట ఇటియ్యి బిడ్డా, ఉల్లిగడ్డ కోస్త" అన్నది.

అది నా పేరు కాదు.

నేను వెనక్కి తిరిగి చూశాను. పిల్ల కూడా నా భుజం మీదుగా వెనక్కి చూసింది. గోడ, గూడు, అద్దం తప్ప అక్కడెవరూ లేరు. ఆవిడ చెయ్యి చాపి, నా కళ్లలోకే చూస్తూ ఎదురు చూస్తోంది. "అవ్ అమ్మా" అన్నాను. కత్తిపీట తెచ్చి ముందు పెట్టాను.

ఆ పేరు ఇక్కడ రాయను. అది నాది కాదు, రాసి అందరికీ పంచే హక్కు నాకు లేదు.

ఆ రోజు కూర ఆవిడే వండింది. గంపలోవి పుట్టకొక్కులు. అడవిలో చెదపుట్టల మీద తొలకరికి మొలిచేవి, మన అరచెయ్యంత గొడుగులు, పొడుగాటి కాడలు, వేళ్లకంటిన ఎర్రమట్టి. వాటిని పసుపు నీళ్లలో కడిగి, కత్తి తగలనివ్వకుండా నిలువునా చేత్తో చీల్చమన్నది. మాంసానికి, మూలుగ ఎముకలకు పసుపు, ఉప్పు, దంచిన అల్లం, ఎల్లిగడ్డ పట్టించి కుండలో వేసి, ముందు దాని నీరు దానికే ఇంకనిచ్చింది. ఆ తర్వాత మరిగే నీళ్లు పోసి, పొయ్యిలో రెండు కట్టెలు వెనక్కి లాగి, సన్నటి సెగ మీద మధ్యాహ్నం దాకా వదిలేసింది. ముక్క ఎముకను విడిచిన తర్వాత ఎర్రగా వేయించిన ఉల్లిగడ్డ, రోట్లో నూరిన ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాలు. పుట్టకొక్కులు ఆఖరికి. అవి ముడుచుకుపోయి తమ ఊట వదులుతుంటే వంటింటి నిండా అడవి వచ్చి కూర్చున్నట్టు వాసన. కూరా కాదు, పులుసూ కాదు, గరిటె పెడితే నెమ్మదిగా ఒరిగేంత చిక్కగా దిగింది. మధ్యలో ఉప్పు కావలసి వస్తే నేను పీట కోసం వెతికేలోపే ఆవిడ కూర్చున్నచోటు నుంచి లేచి, చెయ్యి చాపి, గూట్లో జాడీ అందుకుంది. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా పైకి వెళ్లిందో.

ఆయన వచ్చేసరికి వాన తగ్గింది. సైకిలు చప్పుడు వాకిట్లో ఆగింది, మనిషి మాత్రం ఎంతకీ లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే, పనిముట్ల సంచి భుజానే ఉంది, హ్యాండిల్ పట్టుకుని, కూర వాసన వస్తున్న వంటింటి వైపు చూస్తూ, నిలబడి ఉన్నారు. ఆ క్షణంలో లోపలి నుంచి ఎవరు బయటికి వస్తారని అనుకున్నారో నాకు తెలుసు. వచ్చింది నేను. నా వెనక తన అత్తగారిని చూసి, ఆ బురదలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. పెళ్లైన దగ్గర నుంచి ఆయన కళ్లు తడవడం నేను చూడలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. "లే కొడుకా, లే. కూర సల్లారుతది" అన్నది. అంతే. చెప్పనందుకు ఒక్క మాట కూడా అనలేదు.

ఆ పిల్ల ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నది.

అప్పటి నుంచి ఏటా తొలకరికి ఆవిడ వచ్చేది. ఎప్పుడొస్తుందో కబురుండదు. టేకాకుల గంపతో వచ్చి, గుమ్మంలో తల వంచి, నన్ను ఆ పేరుతోనే పిలిచేది. ఆయనను అడిగితే, మతి చెదిరింది, పోనిమ్మని అన్నారు. మిగతా ఏ మాటలోనూ ఆవిడకు మతి చెదిరిన జాడ నాకు కనిపించలేదు. బస్సు కిరాయి పెరిగిన సంగతి దగ్గర నుంచి నా వేవిళ్ల దాకా అన్నీ గుర్తే. ఆ కడుపు నిలవలేదు, ఆ తర్వాత నాకు పిల్లలు కలగలేదు. అది వేరే కథ.

ఆవిడ లేనప్పుడు ఆ కూర నేను వండి చూసేదాన్ని. సంతలో కోయవాళ్లు పుట్టకొక్కులు అమ్మకానికి తెస్తే కొనుక్కొచ్చి, అదే కుండలో, అదే సెగ మీద. పిల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మమ్మ చేసినట్టు లేదు" అని నెమ్మదిగా పళ్లెం జరిపేది. అమ్మ చేసినట్టు లేదని అనలేక అలా అంటోందని నాకు తెలిసేది. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, ఉప్పు ఎక్కువవుతోందనో మంట పెద్దదైందనో వెనక నుంచి ఎవరో గమనిస్తున్నట్టుండేది. భయమని చెప్పలేను. ఒకరి ఇంట్లో కిరాయికి ఉంటున్నప్పుడు ఆ ఇంటావిడ గడపలో నిలబడి చూస్తే ఎట్లా ఉంటుందో, అట్లా. ఒకసారి బజారులో ఎవరో ఎవరినో ఆ పేరుతో పిలిస్తే నేను గిరుక్కున తిరిగాను. తిరిగాక గానీ ఏం చేశానో తెలియలేదు.

ఒక ఏడు మా అమ్మ వైరా నుంచి వచ్చి ఉన్నప్పుడే ఆవిడ కూడా వచ్చింది. నన్ను పిలవడం మా అమ్మ చెవిన పడింది. పెరట్లోకి లాక్కెళ్లి, "ఏందే ఇది? సచ్చిపోయిన మనిషి పేరుకు నువ్వు పలుకుతున్నవా? నా బిడ్డకు నేను పెట్టుకున్న పేరు లేదా?" అని వణికిపోయింది. ఇక ముందు పలకొద్దని ఒట్టు వేయించుకోబోయింది. నేను వేయలేదు. లోపల ఆ ముసలావిడ కట్టెలు వెనక్కి లాగుతూ ఇంకోసారి పిలిచింది, నేను మా అమ్మ చేతిలోంచి చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లాను. మా అమ్మ మరునాడే బస్సెక్కింది.

ఆ తర్వాత ఒక తొలకరికి ఆవిడ రాలేదు. పిల్ల అప్పటికి పెద్దదవుతోంది, హైస్కూలుకు పోతోంది. బడి నుంచి రాగానే గంప కోసం వాకిలంతా చూసి, పుస్తకాలు ముందేసుకునేది. సంతలో పుట్టకొక్కులు రావడం మొదలై, ఆగిపోయే రోజులు కూడా దగ్గరపడ్డాయి. ఇక ఉండబట్టలేక, మాంసం సగం ఉడికించి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని బయలుదేరాను. నేను ఆ ఊరికి వెళ్లడం అదే మొదలు. టేకు చెట్ల కింద, చిత్తడి దారిలో, పిల్ల ముందు నడుస్తుంటే దాని అడుగుల్లో అడుగు వేస్తూ వెళ్లాను.

ఆవిడ నులకమంచంలో ఉంది. కాళ్లు నీరు పట్టాయి, చూపు దాదాపు పోయింది. పక్కింటి కోయ ఆడమనిషి అంబలి పోస్తోందట. మేమొచ్చామని తెలిసి ఆమే తన వాకిట్లోంచి గుప్పెడు పుట్టకొక్కులు తెచ్చి ఇచ్చింది. నేను ఆ ఇంటి పొయ్యి వెలిగించాను. అక్కడా గూళ్లు ఎత్తులోనే ఉన్నాయి. ఉప్పు కోసం చూస్తూ పీట ఏదని అడగబోతుంటే, పిల్ల నా పక్కన నిలబడి, ఏమాత్రం సాగకుండా చెయ్యెత్తి జాడీ దించి నా చేతికిచ్చింది. ఎప్పుడు అంత ఎత్తు పెరిగిందో నేను గమనించనేలేదు. ఆ చెయ్యి, ఆ మణికట్టు తిరిగిన తీరు. ఫొటోలో కూడా చూడని మనిషిని ఆ రోజు నేను చూశాను.

కూర దించి, మెత్తగా మెదిపి, ఆవిడ నోటికి అందించాను. చాలాసేపు నమిలింది. మళ్లీ ఒక ముద్ద అడిగింది. తర్వాత, "ఇది నా బిడ్డ చేతి కూర కాదు" అన్నది.

నేను గిన్నె కింద పెట్టాను. అప్పుడు ఆవిడ వెతుక్కుని నా చెయ్యి పట్టుకుని, నన్ను పిలిచింది. నా పేరుతో. మా అమ్మ పెట్టిన పేరుతో. "నీ చేతి కూర. మంచిగున్నది" అన్నది.

"నా పేరు నీకు ఎరుకేనా అమ్మా?" అన్నాను.

"ఎరుక లేకేంది? మొదటి దినం నుంచే ఎరుక. బిడ్డ పేరు పిలవకుంట నోరంత ఎండిపోయింది నాకు. పిలిస్తే పలికేటోళ్లు ఎవరున్నరు? నువ్వు పలికినవ్. నా పానం నిలిచింది."

పిల్ల మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చింది. సాయంత్రం బస్సు కోసం బయలుదేరుతుంటే, వాన పడుతోందని, నా కొంగు కిందికి వచ్చి దూరి, మొదటిసారి "అమ్మా, చీకటి పడుతుంది, జల్దీ నడువు" అన్నది. ఎప్పటి నుంచో అలవాటున్న పిలుపులాగానే అన్నది.

ఆవిడ ఆ క్రిస్మస్ దాకా ఉండలేదు. మట్టి వేసి వచ్చిన తర్వాత ఇంట్లో ఏదో మారింది. వంటింట్లో వెనక నిలబడే మనిషి లేకుండా పోయింది. ఇన్నేళ్లూ దాని కోసమే కదా ఎదురుచూశానని అనుకున్నాను, కానీ చుట్టం వెళ్లిపోయిన ఇంట్లో లాగా రోజుల తరబడి ఏ పనీ తోచలేదు. ఒక్కనాడూ చూడని ఆ మనిషి కోసం నేను అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు ఆ అడవి ఊరికి ఇంటి ముందు దాకా ఆటో పోతుందంటారు. పుట్టకొక్కులు మొలిచేచోట్లు చాలావరకు చేన్లయ్యాయి. కబురు చెప్పకుండా ఎవరూ ఎవరి ఇంటికీ రావడం లేదు, చనిపోయిన కూతురి ఇంటికి గంపతో వచ్చి, కొత్తగా వచ్చినదాని చేతి నీళ్లు తాగే తల్లులు ఇంకా ఉన్నారో లేదో తెలియదు. ఆవిడకూ నాకూ ఉన్న చుట్టరికానికి మన భాషలో ఒక పేరు కూడా లేదు. ఆయన పోయారు. మా అమ్మాయి వరంగల్‌లో నర్సు, తన పిల్లలు నన్ను అమ్మమ్మా అంటారు. తల్లి మొహం దానికి గుర్తు లేదని మొన్నామధ్య ఎంతో మామూలుగా అన్నది. పేరైతే తెలుసు, కానీ కాగితాల మీద తప్ప దాని నోట ఆ పేరు నేను వినలేదు. పిలవాల్సిన వాళ్లంతా అయిపోయారు, ఆ పేరు నా ఒక్కదాని దగ్గరే మిగిలిపోయింది. అప్పుడప్పుడు ఆదివారం కూర పొయ్యి మీద ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, పైకి వినబడేలా ఒక్కసారి పిలుస్తాను. ఎవరూ పలకరు. అప్పట్లో పలికింది నేనే కదా.