జెండా బురుజు కింద నేల

ఆ రోజుల్లో నేను ఖిదిర్‌పూర్‌లో ఒక సైబర్ కేఫ్‌లో కూర్చుని, ఇంటర్నెట్‌లో ప్రయాణికుల కోసం నడిచే ఒక గైడ్‌కి రాస్తుండేవాణ్ణి. జీతం లేదు, పేరు పడదు. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. మొదటిసారి అందులో మా నగరం పేజీ తెరిచినప్పుడు మా వైపు గురించి ఒకే ఒక్క వాక్యం కనబడింది. రేవు ప్రాంతం, చూడదగ్గదేమీ లేదు, అని. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఈ బెంగాలీల నగరానికి వచ్చి బతుకంతా మూటలు మోసింది ఆ రేవులోనే. ఒళ్లు మండి ఆ వాక్యం తీసేశాను. ఓడలు వచ్చినప్పుడు పక్కకు తిరిగే పాత వంతెన గురించీ, గార్డెన్ రీచ్‌లో నది ఒడ్డున మిగిలిన దొరల కాలపు కోఠీలు, ఆ పెద్ద పెద్ద బంగళాల గురించీ రాశాను. అక్కణ్ణుంచి ఆ పిచ్చి వదల్లేదు. సెలవు దొరికితే చాలు, ఒక పూటలో వెళ్లి రాగల ఊళ్లు వెతుక్కుంటూ పోయేవాణ్ణి.

నాన్న పోయాక అమ్మ నాతో రావడం మొదలుపెట్టింది. టిఫిన్ క్యారియరు, గొడుగు, సంచిలో చిన్న తెలుగు బైబిలు. అవి ఉంటే ఎంత దూరమైనా వచ్చేది.

వానాకాలం చివర్లో ఎవరో మా పేజీలో కొత్త చోటు ఒకటి చేర్చారు. బజ్‌బజ్ దాటాక నది ఒడ్డున పాత జెండా బురుజు ఉందట. తెరచాప ఓడల కాలం నుంచీ దాని మీంచి జెండాలెత్తి లోతు ఎక్కడుందో, పోటు ఎప్పుడొస్తుందో ఓడలకు చెప్పేవారట. పిక్నిక్‌కి మంచి చోటు, అంచు దాకా వెళ్తే సూర్యాస్తమయం అద్భుతం, అని కూడా రాశారు. నేను చూడని చోటును పేజీలో ఉంచడం నాకు ఇష్టం లేదు. పోయి చూసొద్దాం అన్నాను.

"ఇయ్యాల అమాస కదరా," అంది అమ్మ.

"మనకెందుకమ్మా అమావాస్యలూ అవీ?"

"మనకు కాదు, నదికి," అంది. రేవు మనిషి పెళ్లాం మరి, అమావాస్యకు పోటు పెద్దదని తెలుసు. అయినా క్యారియరు సర్దింది.

బ్రేస్‌బ్రిడ్జ్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి బజ్‌బజ్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటో. ఇటుకబట్టీ దగ్గర ఆటో ఆపేసి, ఇంతవరకే అన్నాడు డ్రైవరు బెంగాలీలో. ముందు రోడ్డు లేదా అని అడిగాను. "ఉంది దాదా. ఉన్నంతవరకూ ఉంది," అన్నాడు. నా మొహం చూడకుండానే బండి తిప్పుకున్నాడు.

బట్టీ గొట్టంలోంచి పొగ రావడం లేదు. దాని పక్క ఇళ్లకు తలుపుల్లేవు, కిటికీల్లేవు. ఎవరో దోచుకున్నట్టు కాదు, జాగ్రత్తగా ఊడదీసుకుని పోయినట్టుంది. ఒక ఇంటి గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన బొగ్గు గీతలున్నాయి. నది వైపు గోడే లేదు. దార్లో ఒక కుక్కయినా ఎదురు రాలేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. ఆవిడకి నడవడానికి ఆసరా అవసరం లేదని నాకు తెలుసు.

బురుజు మాత్రం అందంగా ఉంది. పాత సన్నిటుక, గుండ్రటి కిటికీలు, పైన తుప్పు పట్టిన ఇనుప స్తంభం. కెమెరా తీసి ఒక ఫోటో కొట్టి ముందుకు పోబోతుంటే కింది గదిలోంచి ఒక ముసలామె బయటికి వచ్చి మమ్మల్ని చూసింది. అమ్మ నాతో ఏదో అంటోంది. ఆ మాట చెవిన పడి ఆమె బిత్తరపోయింది.

"ఏటి, మీరు మనోళ్లా?"

అడిగింది శ్రీకాకుళం తెలుగులో. అమ్మ కూడా నిలబడిపోయింది.

ఆమె భర్తది కళింగపట్నం వైపు. ఆ బురుజు మీద జెండాలెత్తే ఖలాసీగా చేశాడు. బురుజు మూతపడ్డాక కూడా పొమ్మన్నవాళ్లు లేక వాళ్లు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు కొడుకు హల్దియాలో పని చేస్తున్నాడు. ఇక్కడ ఆమె, బెంగాలీ కోడలు, చిన్న మనవరాలు. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి కోడల్ని టీ పెట్టమంది. కోడలు పొయ్యి దగ్గర్నుంచి బూడిద తట్ట ఎత్తుకుని పెరట్లోకి పోవడం చూశాను. నేల మీద మూరెడు వెడల్పు పగులు ఒకటి, బురుజు వెనక నుంచి వంపు తిరిగి ఇవతలి వైపుకు వచ్చి ఉంది. ఆ అమ్మాయి బూడిదంతా అందులో పోసింది.

"రోజూ పోస్తాను దాదా," అంది నాతో. "పొద్దున్నకి ఉండదు."

అమ్మ లేచి వచ్చింది. దండెం తాడు విప్పి, చివర రాయి కట్టి పగుల్లోకి వదిలింది. తాడు దిగుతూనే ఉంది. చివరికి లోపల్నుంచి చప్పుడు వినబడింది. రాయి మట్టి మీద పడ్డ చప్పుడు కాదు. నీళ్లలో పడ్డ చప్పుడు.

మేం నిలబడ్డ చోటికీ నదికీ మధ్య ఇంకా బోలెడు పెరడు ఉంది, చింతచెట్టు ఉంది. నీళ్లు మాత్రం మా కాళ్ల కిందే ఉన్నాయి.

అమ్మ తాడు అక్కడే వదిలేసి ముసలామె వైపు తిరిగింది. "అప్పా, బేగి లెగు. మా ఇంటికి పోదాం. నాల్రోజులుండి ఒద్దువు గాని."

ముసలామె కదల్లేదు. "నానెక్కడికీ రాను సెల్లీ. ఆయన సమాది ఎనకాలుండేది. పోయిన పోటుకి ఈ నది దాన్ని అట్టుకుపోనాది. ఆయన్ని ముందు తీసుకుపోనాది, ఇప్పుడు నా కోసరం ఒస్తంది. రాత్రుళ్లు నాకినబడతంది గదా."

కోడలు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఆమెకు తెలుగు రాదు గానీ ఆ మాటలు చాలాసార్లు విన్నట్టుంది. అత్తను వదిలి పోలేదు, పిల్లను పెట్టుకుని ఉండలేదు. నేను బెంగాలీలో పిల్లను తీసుకుని బట్టీ దాకా పొమ్మన్నాను. అత్త మొహం చూసింది, కదల్లేదు.

అప్పుడు అమ్మ చేసిన పని నేను ఊహించలేదు. లోపలికి పోయి ముసలామె పక్కన చాప మీద కూర్చుంది. సంచిలోంచి బైబిలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు లెగనంతసేపూ నానూ లెగను," అంది.

"అమ్మా!" అన్నాను.

"నువ్వు ఆ గుంటనెత్తుకుని రోడ్డు మీదికెల్లు."

పిల్లను కోడలి చేతికిచ్చి ఇద్దర్నీ రోడ్డెక్కించి మళ్లీ వచ్చాను. నది రంగు మారుతోంది. దూరాన అడ్డంగా తెల్లటి గీత. పోటు తలెత్తి వస్తోంది. గదిలో గోడ మీంచి సున్నం పొడి సన్నగా రాలి అమ్మ జుట్టు మీద పడుతోంది. ఆవిడ తుడుచుకోలేదు. ఏదో కీర్తన పైకే చదువుతోంది, మామూలుగా, ఇంట్లో చదివినట్టే. ఇద్దర్నీ ఎత్తుకుపోయే బలం నాకు లేదు. ఎవర్ని ముందు లాగాలో ఆలోచిస్తున్నానని తెలిసి నామీద నాకే భయం వేసింది.

ముసలామె రాలుతున్న సున్నాన్ని చూసింది. అమ్మ నెత్తిని చూసింది.

"ఇంటికొచ్చిన మనిషివి," అంది విసుగ్గా, "నా నెత్తికి పాపం సుడతావేటి?" అని గోడ పట్టుకుని లేచింది.

ఇద్దరి చేతులూ చెరో వైపు పట్టుకుని నడిపించాను. పరిగెత్తలేదు. ముసలామె మోకాళ్లు పరుగుకు పనికిరావు. రోడ్డు మీదికి చేరి వెనక్కి తిరిగాం. అల వచ్చి ఒడ్డును కొట్టింది, దాటి పోయింది. ఏమీ కాలేదు. బురుజు నిలబడే ఉంది. ముసలామె నా చెయ్యి విదిలించుకోబోయింది.

అప్పుడు చింతచెట్టు కదిలింది. ఒరగలేదు, నిలువుగా కిందికి దిగింది. దాని వెనకే పెరడు, పొయ్యి, దండెం రాటలు. బురుజు నది వైపు కొద్దిగా వంగి, అలిసిపోయిన మనిషి కూలబడ్డట్టు నీళ్లలోకి కూర్చుంది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. పైనున్న ఇనుప స్తంభం కాసేపు నీళ్ల పైన కనబడి, పక్కకు తిరిగి, పోయింది.

ముసలామె ఏడవలేదు. "నన్నొదిలీసింది," అంది. ఆ మాటలో సంతోషం ఉందో దుఃఖం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు రైల్లో పిల్ల అమ్మ ఒళ్లో నిద్రపోయింది. నీకు భయం వెయ్యలేదా అని అడిగాను. "ఎయ్యకేటి? కాళ్లు ఒణికిపోనాయి. నిలబడలేకే కూకున్నాను," అంది అమ్మ.

ఆ ముగ్గురూ కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ముసలామె నేల మీద పడుకుని, చెవి గచ్చుకు ఆనించి వినేది. ఏం వినబడుతోందని ఎవరమూ అడగలేదు. కొడుకు హల్దియాలో గది చూసుకుని వచ్చి తీసుకుపోయాడు. ఆమె అక్కడే, నదికి దూరంగా, మంచం మీద పోయిందని తర్వాత కబురొచ్చింది.

గైడ్‌లో ఆ చోటు తీసేశాను. చేర్చినతను మళ్లీ పెట్టాడు. పోయిన చలికాలం నా కళ్లతో చూశాను, ఉంది, అని రాశాడు. అతను అబద్ధం చెప్పలేదు. కూలిపోక ముందు తీసిన ఫోటో, తర్వాత తీసిన ఫోటో పక్కపక్కన పెట్టాక ఒప్పుకున్నాడు. కానీ ఈలోగా దాన్ని వేరేవాళ్లు తమ తమ వెబ్‌సైట్లలో రాసుకున్నారు. అవి దిద్దడం నా చేతుల్లో లేదు.

అందుకే పిక్నిక్‌ల కాలం రాగానే మళ్లీ ఒకసారి వెళ్లాను. బట్టీ దగ్గర ఒక వ్యాను ఆగి ఉంది. ఆ రోజు మేం నిలబడి చూసిన రోడ్డు అంచునే ఒక కుటుంబం దుప్పటి పరిచి గిన్నెలు దించుతోంది. దగ్గరికి పోయి విషయం చెప్పాను. పెద్దాయన నవ్వి, నది అల్లంత దూరాన ఉంది కదా అన్నాడు. దుప్పటి కొస ఎత్తి చూపించాను. తారు మీద వెంట్రుకంత గీత, రోడ్డుకు అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. వాళ్లు గిన్నెలు సర్దుకున్నారు. వ్యాను కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తర్వాత, రోడ్డు మీద కాకుండా, పొలంలోకి దిగి స్టేషన్ వైపు నడిచాను.