తేలు కోడి

సిద్దిపేట నుంచి హుస్నాబాద్ పోయే బస్సులో నా పక్క సీటామె రేషన్ బియ్యం కొంగులో పోసుకొని ఏరుతోంది. రాళ్లను బియ్యంలోనే వదిలేసి, రంగు కాస్త తేడాగా ఉన్న గింజలను మాత్రం కిటికీలోంచి పారేస్తోంది.

"గవెందుకు పారేస్తున్నవ్ అక్కా?" అన్నాను.

"తేలు జీన్ ఎక్కిచ్చిన గింజలటన్నా. ఎవల్దో కోడి గివి తిన్నదట. అది పొడిస్తే తేలు కుట్టినంత మంట లేసిందట!"

ఆ కోడి నాదే. రెండేళ్ల కింద కోమటి చెరువు దగ్గర చాయ్ తాగుతూ, నలుగురిని నవ్వించడానికి దాన్ని నోటితోనే పుట్టించాను.

"మా బిడ్డ కడుపుతోని ఉన్నది," అందామె. "ఒంట్ల రక్తం లేదని దవాఖానల అంటున్రు. ఇంత మంచిగ ఏరి పెడ్తున్నా ఎక్కుతలేదు."

రక్తం పట్టాలనే ఇనుము కలిపి బియ్యంలో వేసే గింజలవి. ఆమె సరిగ్గా వాటినే ఏరి పారేస్తోంది.

"అక్కా, గవి జీన్ మార్చినయి కావు, ఇనుము కలిపినయి. గా కోడి ముచ్చట అబద్ధం, నేనే అల్లిన. దవాఖానల అడుగు, నీ కాళ్లు మొక్కుత."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, కొంగులోని బియ్యం ఒలికేలా నవ్వింది.

"బియ్యంల ఇనుమా! మంచిగ కోతలు కోస్తవన్నా," అంటూ ఇంకో గింజను బయటికి విసిరింది.