పిన్నిగారు కళ్ళు మూసుకున్న కాసేపు

మా పక్కింటి బాబాయిగారు పోయారు. నేను పటమటలో ఆఫీసులో ఉండగా మైలవరం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, నాన్న ఇక లేరక్కా" అంది. కూతురి దగ్గర నాలుగు రోజులుండి వస్తానని ఇంటి తాళంచెవి నా చేతికిచ్చి వెళ్ళిన మనిషి. పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్ళిపోయారట. విన్నాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వస్తానని చెప్పి రాకపోవడమేమిటండీ?

భవానీపురంలో మా ఫ్లాటూ వాళ్ళ ఫ్లాటూ పక్కపక్కనే. సొంత బాబాయి కాదు, ఏ వరసా లేదు, అలా పిలవడం అలవాటైపోయింది. పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టి, బెజవాడ వచ్చి బట్టల కొట్టు పెట్టి, మోకాళ్ళు మొరాయించాక మానేశారు. పిన్నిగారు ఉన్నంతకాలం ఆయన దేవుడి గది వైపు తొంగి చూసింది లేదు. ఆవిడ రోజూ సాయంత్రం దీపం పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవారు. ఆ కాసేపూ ఈయన హాల్లో పేపరు తిరగేస్తూ, ఇంకా కాఫీ ఇవ్వలేదేమని కేకలేస్తూ ఉండేవారు. లేచి వచ్చేసరికి ఆవిడ మొహం ఎంత తేటగా ఉండేదో! నేనూ చూశాను.

పిన్నిగారు పోయిన కొన్నాళ్ళకి ఒకరోజు ఆయన మా గుమ్మంలో నిలబడ్డారు.

"మీ పిన్ని ఆ కాసేపు ఎక్కడికి వెళ్ళొచ్చేదమ్మా? నీతో ఎప్పుడైనా చెప్పిందా?"

లేదన్నాను. "నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవర్ని అడగను?" అన్నారు.

అదిగో, అప్పుడు మొదలైంది ఆయన తిరుగుడు. ముందు తనే దీపం పెట్టి కూర్చున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కాయి, కునుకు పట్టింది. నాకు చేతకావట్లేదమ్మా, చేతనైనవాళ్ళని అడుగుతానన్నారు. ఏ మతమన్న పట్టింపు పెట్టుకోలేదు. ఎవరు కనపడినా ఒకటే అడిగేవారు: గుళ్ళోనో చర్చిలోనో మసీదులోనో చేసేది సరేనండీ, ఇంట్లో ఎవరూ చూడనప్పుడు మీరేం చేస్తారు? కొందరు నవ్వారు, కొందరు తప్పించుకుని తిరిగారు. ఎవరైనా నోరు విప్పి చెబితే మాత్రం, ఆ పని ఒక మండలం పాటు శ్రద్ధగా చేసి చూసేవారు.

ఒకప్పుడు ఆయన కొట్లో మిషను కుట్టిన టైలర్ భాయ్, నమాజుకి ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కునే పద్ధతి చెప్పాడు. నీళ్ళ దగ్గరే తొందర తగ్గాలి బాబుగారూ, అన్నాడట. ఇక మా బాబాయిగారు బజారుకెళ్ళొస్తే కింద కుళాయి దగ్గర్నుంచి కదిలేవారు కాదు. ట్యాంకు ఖాళీ అవుతోందని వాచ్‌మన్ గొణిగేవాడు. సంగతి తెలిసి ఆ భాయే మందలించాడు, చెంబెడు నీళ్ళు చాలు, పారబోయడం మా దగ్గర తప్పు అని. మర్నాటి నుంచి చెంబుతోనే.

కింద ఫ్లాట్‌లో ఉండే నర్సుగారు, అన్నం ముందు కూర్చుని ఆ అన్నం వెనకున్న వాళ్ళ కోసం ప్రార్థన చేసుకుంటానని చెప్పారు. అది ఈయనకి బాగా పట్టింది. నేను గోంగూర పప్పు పంపితే ముందు నా పేరు తలుచుకుని, తర్వాత గోంగూర అమ్మినామె పేరేమిటని అడిగేవారు. నాకేం తెలుసు? పప్పు చల్లారిపోతోంది, తినండి బాబాయిగారూ అని విసుక్కునేదాన్ని. పోరు పడలేక ఒకసారి రైతుబజార్లో నిజంగానే అడిగాను. పేరు చెప్పి, ఎందుకమ్మా అందామె. మీ పేరు తలుచుకుని అన్నం తినే పెద్దాయన ఒకరున్నారన్నాను. ఆమె ఇంకో కట్ట తీసి నా సంచిలో వేసింది.

జైనులు ఏడాదికోసారి అందరినీ క్షమాపణ అడుగుతారని మార్కెట్లో పాత స్నేహితుడెవరో చెప్పినప్పుడు, ప్రతి ఫ్లాటూ బెల్లు కొట్టి చేతులు జోడించారు. అంతే, ఈయన ఫ్లాట్ అమ్మేసి పోతున్నాడని అపార్ట్‌మెంటంతా గుప్పుమంది.

భవానీ దీక్ష కూడా తీసుకున్నారు. ఎర్రబట్టలు, మెడలో మాల. దీక్షలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు భవానీ అనే పిలుచుకుంటారు కదా, మాల తీసేశాక కూడా ఈయన ఆ పిలుపు వదల్లేదు. చెత్త బండి ఆమె భవానీ, కేబుల్ అతను భవానీ, నేనూ భవానీనే. ఇంకా ఎందుకండీ అని అడిగితే, "భవానీ అని పిలిచాక ఇక తిట్టడం ఎలాగమ్మా?" అన్నారు. అంతకుముందు ఆ నోరు ఎలాంటిదో కొట్లో పనిచేసినవాళ్ళని అడగండి, చెబుతారు.

ఇన్ని చేసినా అసలు సంగతి తేలలేదు. పిన్నిగారు ఎక్కడికెళ్ళేవారో తెలిసిందా అని అప్పుడప్పుడూ అడిగేదాన్ని. తల అడ్డంగా ఊపేవారు. లోకమంతా ఈయనకి భక్తి ముదిరిందనుకుంది. ఆయన పెళ్ళాన్ని వెతుక్కుంటున్నారని నాకు తెలుసు.

మైలవరం వెళ్ళే ముందు సాయంత్రం తాళంచెవి ఇవ్వడానికి వచ్చి, లోపలికొచ్చి కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, "తెలిసిందమ్మా" అన్నారు.

ముందు రోజు సాయంత్రం దీపం పెట్టి కళ్ళు మూసుకున్నారట. మనసు నిలపాలని, ఎక్కడికో చేరాలని పాకులాడే ఓపిక లేక ఊరికే కూర్చున్నారట. మా ఇంట్లో కుక్కరు కూత వినపడింది. మా అమ్మాయి లెక్కలు రావట్లేదని ఏడవడం వినపడింది. నేను మా ఆయన్ని కసరడం కూడా వినపడిందట, నా ఖర్మ. అన్నీ వింటూ ఉంటే, వీళ్ళంతా నావాళ్ళే కదా అని ప్రాణం హాయిగా అయిపోయిందన్నారు. గ్లాసు కింద పెట్టి అన్నారు.

"మీ పిన్ని ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. ఇంట్లోనే ఉంది. నన్ను వింటూ కూర్చుంది."

కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. భోంచేసి వెళ్ళమంటే, పొద్దున్నే బస్సు ఉందని లేచారు. నేను ఆయన్ని చూడడం అదే ఆఖరు.

కర్మకాండ అయ్యాక వాళ్ళమ్మాయి వచ్చి సామాను తీసుకెళ్ళింది. పక్క ఫ్లాట్ ఖాళీ. నేను పూజల మనిషిని కాదు, అగరొత్తి వెలిగించి స్కూటీ తీసే రకం. అయినా ఈ మధ్య సాయంత్రంపూట కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. ఫ్యాను చప్పుడు, మా ఆయన ఫోన్లో వార్తలు, మా అమ్మాయి సణుగుడు, అన్నీ వినపడతాయి. గోడ అవతల నుంచే ఏమీ వినపడదు. అన్నానికి రమ్మని మా ఆయన పిలుస్తాడు. వస్తున్నా అంటాను. చెవి గోడవైపే పెట్టి, ఇంకాస్త కూర్చుంటాను.