బిస్కెట్‌లో పురుగులు

డెస్మండ్‌కు కంటబడిన ప్రతి వస్తువులోనూ పురుగులే కనిపిస్తాయి. మనుషులకన్నా గొర్రెలు ఎక్కువున్న కుర్రాబిల్ ఊరి మ్యూజియంలో వస్తువులను కాపాడే ఉద్యోగం ఆయనది. అనుమానం తగిలితే చాలు, వస్తువును గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆక్సిజన్ పీల్చేసే పొట్లాలు పడేసి, మూతి అతికించేస్తాడు. మందూ మాకూ అక్కర్లేదు. కొన్ని వారాల్లో పురుగులు ఊపిరాడక చస్తాయి. చిక్కల్లా ఆ అనుమానానికి హద్దు లేకపోవడమే.

కౌంటరులో కూర్చునే నోరీన్ కొత్త ఉన్ని టోపీని గుమ్మంలోనే పట్టేశాడు.

"చిల్లులున్నాయి. చిమ్మట పని."

"అది అల్లిక, డెస్."

"చిమ్మటలు కూడా అల్లికే అనుకుని తింటాయి. ఇలా ఇవ్వు."

డైరెక్టర్ రాండల్ విగ్గు కూడా ఓసారి సంచిలోకెళ్లింది. అన్నాళ్లూ పాపం ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, పంటినొప్పని చెప్పుకున్నాడు.

ఒకరోజు గొర్రెల ఉన్ని కత్తిరించే ముసలి క్లారీ, పొట్టలో గడ్డి కూరిన తన కుక్కను చంకన పెట్టుకొచ్చాడు. కూరినవాడి పనితనం వల్ల దాని మొహం మేకకు దగ్గరగా ఉంది.

"మా బిస్కెట్. బతికినన్నాళ్లూ మందను కాసింది. మీ దగ్గర ఉంచుకోండి సార్."

"ఇక్కడ చోటు లేదు. తీసుకెళ్లండి," అన్నాడు రాండల్.

క్లారీ కుక్కను మరికాస్త దగ్గరికి పొదువుకున్నాడు. డెస్మండ్ వంగి దాని చెవి వాసన చూశాడు.

"బిస్కెట్‌లో పురుగులున్నాయి. గడప దాటితే ఊళ్లో ఉన్ని మిగలదు."

రాండల్ విగ్గు తడుముకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి. బిస్కెట్ సంచిలోనే ఉంది. క్లారీ వారంవారం వచ్చి, పక్కన కూర్చుని టీ తాగుతూ, ఎవరి మందలో ఎన్ని ఈనాయో దానికి చెప్పి వెళ్లేవాడు.

ఓ ఉదయం దుమ్ము దులుపుతూ నోరీన్ కంగారుపడింది.

"డెస్, సంచి మూతి ఊడింది. లోపలికి గాలి పోతోంది."

"నేనే విప్పాను. లేకపోతే క్లారీ దాని తల నిమరడం ఎలా?"

"పురుగులో?"

"లేవు. అతను చేరిన వృద్ధాశ్రమంలో కుక్కలను రానివ్వరట. చచ్చిన కుక్కలనైనా సరే."

"అంటే ఇన్నాళ్లూ అబద్ధమా?"

"అబద్ధమేం కాదు. అనుమానం."

అంతలో రాండల్ వచ్చాడు. "నోరీన్, ఆ మేకను ఇక పంపేద్దామా?"

నోరీన్ సంచి మూతిని చేత్తో మూసి పట్టుకుంది.

"ఇప్పుడే చెవిలో ఒక పురుగును చూశాను సార్. కడుపుతో ఉన్నట్టుంది."