జనరేటర్‌లో పెరిగిన నూనె

మాదాపూర్‌లోని మా ఆఫీసులో అప్పటిదాకా నేను కోడ్ రాసేవాణ్ణి. ఉన్నట్టుండి నన్ను భవనం నిర్వహణ చూసుకోమన్నారు. నా కోడ్ చదివినవాళ్లే ఈ నిర్ణయం తీసుకున్నారని తర్వాత తెలిసింది. ఇంజన్ల గురించి నాకు తెలిసిందల్లా అవి చప్పుడు చేస్తాయని.

సెల్లార్‌లో పెద్ద డీజిల్ జనరేటర్ ఉండేది. దాని ఆపరేటరు యాభై దాటిన మనిషి, జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఇంజన్లు చూసి వచ్చారు. ఆయన ప్రతి శనివారం భవనం కరెంటు లోడంతా జనరేటర్ మీద వేసి అరగంట నడిపేవారు. లోడ్ మారేటప్పుడు లైట్లు ఒక్కసారి ఆరి వెలిగేవి. దానికే పై అంతస్తుల నుంచి నాకు ఫిర్యాదుల మెయిళ్లు వచ్చేవి.

"ఇకనుంచి లోడ్ వద్దు అన్నా. ఊరికే పది నిమిషాలు తిప్పి ఆపేయ్" అన్నాను.

"ఉత్తగ తిప్పితే ఇంజన్ వేడెక్కది సార్. డీజిల్ సక్కగ కాలది. కాలకుండ మిగిలింది నూనెల కలుస్తది."

"అదంతా పాతకాలం ఇంజన్లకి" అన్నాను. ఇది ఏ కాలం ఇంజనో నాకు తెలియదు.

కొన్ని నెలలకు నూనె మార్చాల్సిన సమయం వచ్చింది. పెద్ద తెలిసినవాడిలా నేనే వెళ్లి, నూనె మట్టం చూసే కడ్డీ బయటికి తీశాను. మట్టం పై గీత దాటి ఉంది. వాడేకొద్దీ తగ్గాల్సింది పెరిగింది! ఆ ఆనందంలో నూనె మార్పిడి వాయిదా వేసి, పైకెళ్లే ఆకుపచ్చ బాణం గుర్తుతో ఒక స్లయిడ్ కూడా చేసి పైవాళ్లకు పంపాను.

ఆపరేటరు ఆ కడ్డీ నా ముక్కు దగ్గర పెట్టారు. "నూనె పిల్లలు వెడతదా సార్? జర వాసన జూడుండ్రి."

గుప్పున డీజిల్ వాసన. నాకు జలుబని అబద్ధం చెప్పాను. స్లయిడ్ అప్పటికే వెళ్లిపోయింది మరి.

రెండు వారాల తర్వాత విదేశీ అతిథులు వచ్చారు. వాళ్లు లోపల అడుగుపెట్టగానే కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. మా పెద్దసారు వాళ్లను అద్దాల లిఫ్టులో ఎక్కించి పైకి తీసుకెళ్తున్నారు. అంతలో, నాలుగు నిమిషాలు నడిచిన జనరేటర్ నూనె ఒత్తిడి పడిపోయిందని ఎర్రలైటు వెలిగించి, తనంతట తనే ఆగిపోయింది. లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య నిలిచింది. కింద నుంచి చూస్తే పెద్దసారు చెయ్యి ఊపుతున్నారు. ఏం చెయ్యాలో తోచక నేనూ ఊపాను.

సెల్లార్‌కు పరుగెత్తాను. "మళ్లీ స్టార్ట్ చెయ్యన్నా!"

"చెయ్య." ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "డీజిల్ కలిసి నూనె నీళ్లలెక్క అయింది. పల్సటి నూనె బేరింగుల నడుమ నిలవది సార్. ఇనుము ఇనుమును రాకుతది. ఇంకోసారి తిప్పినమంటే ఇంజనే పట్టేసి ఇగ తిరగది."

ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తే ధైర్యం లేదు. పన్నెండు నిమిషాలకు కరెంటు వచ్చింది. నాకు మాత్రం ఒక ఉద్యోగ జీవితం గడిచిపోయినట్టు అనిపించింది.

మర్నాడు నూనె దించితే చారులా జారిపోయింది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఒకటి కారుతోందని కూడా అప్పుడే బయటపడింది. దాన్ని, ఫిల్టర్‌ను మార్చి కొత్త నూనె పోశారు. అదృష్టం, బేరింగులు చెడలేదు. లోడ్ వేసి నడిపితే ఒత్తిడి ముల్లు కదలకుండా నిలబడింది.

నివేదికలో కారణం దగ్గర మొదట 'సెన్సార్ లోపం' అని కొట్టాను. సిగ్గేసి చెరిపేశాను. లోడ్ ఆపించిందీ, నూనె మార్పిడి ఆపిందీ నేనేనని రాసి పంపి, కిందికి వెళ్లాను. ఆపరేటరు ఇంజన్ పక్కన గొంతుకూర్చుని మూత బిగిస్తున్నారు.

"తప్పు నాదే అన్నా."

"ఔ సార్" అన్నారాయన, తలెత్తకుండానే. "గా గుడ్డ ఇటియ్యుండ్రి."

ఇచ్చాను.